అందరికీ సరిపోయే బల్ల



ముప్ఫై నాలుగేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడికి నీటిమీది ఆటలతో ఏం పని అని మీరు అడగవచ్చు. అడగడం న్యాయమే. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలో మా అమ్మాయి ఇంట ఐదు నెలలు గడిపి ఈమధ్యనే తిరిగి వచ్చాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నేను ఎక్కువగా విన్న చర్చ ఉద్యోగాల గురించి కాదు, రాజకీయాల గురించీ కాదు. ఒక బల్ల ఎంత పొడవుండాలి, ఎంత వెడల్పుండాలి అన్నదే. మొదట నవ్వుకున్నాను. తరువాత నేనూ ఆ చర్చలో దిగాను. చివరికి నాకు తెలిసిన ఒక పాత విషయం ఆ బల్లమీద మళ్ళీ కనబడింది. అందుకే ఈ టపా.

ముందుగా పేరు సంగతి. ఇంగ్లీషువారు దీన్ని స్టాండప్ పాడిల్ బోర్డు అంటారు. అంటే నీటిమీద తేలే ఒక పొడవాటి పలకపై నిలబడి, పొడుగాటి ఒంటి తెడ్డుతో నడుపుకుంటూ పోవడం. ప్రతిసారీ అంత పేరు పలకలేక నేను తెడ్డుబల్ల అని పెట్టుకున్నాను. తెడ్డుతో నడిచే బల్ల తెడ్డుబల్ల. రెండూ తెలుగు మాటలే కనుక ఆచ్ఛిక సమాసం. మనవరాలికి ఈ మాట ఎంతగానో నచ్చి ఇంట్లో అందరిచేతా అదే అనిపించింది. మీకు ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.

ఈ బల్లలు రెండు రకాలు. నురుగు దిమ్మపై ఫైబర్ గ్లాసు పూత వేసిన గట్టి బల్లలు ఒకటి, గాలి నింపుకునే బల్లలు రెండవది. గాలి బల్ల అంటే పిల్లల ఈత చక్రం వంటిదని నేను అనుకునేవాణ్ణి. కాదట. పై పొరనూ కింది పొరనూ వేలకొద్దీ దారాలు లోపల కలిపి పట్టి ఉంచుతాయి. గాలి ఎంత కొట్టినా అది ఉబ్బి గుండ్రబడదు, పలకగానే బిగుసుకుంటుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి వరకు నింపుతారు. కారు చక్రంలో ఉండేదానిలో ఇంచుమించు సగం. గాలి తీసేస్తే చుట్టచుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. అపార్టుమెంట్లలో ఉండేవారికి ఇదే వరం.

ప్రతి బల్లమీదా మూడు అంకెలు రాసి ఉంటాయి: పొడవు, వెడల్పు, మందం. మా అల్లుడుగారు కొనాలనుకున్నది 11 అడుగుల 6 అంగుళాల పొడవు, 34 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న గాలి బల్ల. ఆయన వాదన సూటిగా ఉంది. ఇంట్లో ఎక్కేవారు ముగ్గురు: తాను, మా అమ్మాయి, పన్నెండేళ్ళ మనవరాలు. నేను వెళ్ళినప్పుడు నలుగురం. కొనేది ఒకటే. కనుక అన్నిటికన్నా పెద్దది కొంటే అందరికీ సరిపోతుంది. పెద్దదానిలో చిన్నది ఇమిడే ఉంటుంది కదా! వినడానికి ఇందులో లోపమేమీ కనబడదు.

కొనేముందు అద్దెకు తీసుకుని చూద్దామని మా అమ్మాయి అంది. ఆస్టిన్ నగరం నడుమ లేడీ బర్డ్ సరస్సు ఉంది. సరస్సు అంటారే గాని అది కొలరాడో అనే నదిపై 1960లో కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరు. గ్రాండ్ కాన్యన్ గుండా పారే కొలరాడో వేరు, ఇది పూర్తిగా టెక్సాస్‌లోనే పుట్టి టెక్సాస్‌లోనే సముద్రంలో కలిసే నది. 2007 దాకా టౌన్ లేక్ అనేవారు. ఆ ఏడాది అమెరికా మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య మరణించాక ఆమె పేరు పెట్టారు. అక్కడ ఈతకు అనుమతి లేదు. మామూలు మోటారు పడవలనూ రానివ్వరు. అందువల్ల నీరు నెమ్మదిగా ఉంటుంది. గట్టున దుంగలమీద తాబేళ్ళు వరుసగా ఎండ కాచుకుంటూ ఉంటాయి. నేర్చుకునేవారికి ఇంతకన్నా ఏం కావాలి? ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 2008లోనే అమెరికా కోస్ట్ గార్డు ఈ బల్లను చట్టరీత్యా పడవగా లెక్కకట్టింది. కనుక తేలుడు చొక్కా తప్పనిసరి. టెక్సాస్‌లో పెద్దవారికి అది బల్లమీద ఉంటే చాలు, 13 ఏళ్ళలోపు పిల్లలు మాత్రం తొడుక్కునే తీరాలి. నేను పెద్దవాణ్ణయినా తొడుక్కున్నాను.

మొదటి వారం ఆ 34 అంగుళాల బల్లనే అద్దెకు తెచ్చారు. నన్ను ఎక్కవద్దని మా అమ్మాయి చెప్పింది. రెండేళ్ళ క్రితం మోకాలి నొప్పి వచ్చినప్పటినుంచి ఇంట్లో మెట్టు కనబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి నా మోచేయి పట్టుకుంటారు. ప్రేమతోనే పట్టుకుంటారు. కాని మనిషికి అరవై ఏడేళ్ళు వచ్చాక తన కాళ్ళమీద తాను నిలబడడమంటే ఏమిటో ఆ పట్టుకునే చేతులకు తెలియదు. నేను ఎక్కాను. ముందు మోకాళ్ళమీద కూర్చుని తెడ్డు వేశాను. తరువాత ఒక కాలు, ఆపై రెండో కాలు. మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, చూపు పాదాలమీద కాక దూరాన ఉన్న వంతెనమీద నిలపమని అద్దె కుర్రాడు చెప్పాడు. నీటిని చూస్తే కాళ్ళు వణికాయి, వంతెనను చూస్తే నిలిచాయి. పక్కన చిన్న పడవలో వస్తున్న మా అమ్మాయి "చాలు నాన్నా, ఇక కూర్చో" అంటూనే ఉంది. నేను కూర్చోలేదు. పావుగంట నిలబడ్డాను. ఆ పావుగంటలో నా మోచేతికి ఏ చెయ్యీ తగల్లేదు.

నన్ను నిలబెట్టినది ఏమిటి? వెడల్పు. ఇక్కడ కాస్త లెక్క చెప్పక తప్పదు. తేలే వస్తువు పక్కకు ఒరిగినప్పుడు దాన్ని తిరిగి సరిచేసే బలం, పొడవూ ఆకారమూ ఒకటే అయితే, వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వెడల్పు పావు వంతు పెరిగితే బలం పావు వంతు కాదు, ఇంచుమించు రెండింతలవుతుంది. 24 అంగుళాల పందెపు బల్లకన్నా 32 అంగుళాల బల్ల ఎనిమిదే అంగుళాలు ఎక్కువ. కాని నిలకడ రెండు రెట్లకు పైమాటే. అందుకే ఈ ఆటలో అంగుళానికి అంత విలువ. మన ఛందస్సులో సీసపద్యం ఉందే, ఆ బల్ల అటువంటిది. ఎన్ని మాటలైనా పట్టించుకుంటుంది, కాస్త తడబడినా పడిపోనివ్వదు.

రెండో వారం అల్లుడుగారికి వేగంమీద కోరిక కలిగి 14 అడుగుల పొడవు, 26 అంగుళాల వెడల్పు ఉన్న గట్టి పందెపు బల్ల తెచ్చారు. పొడవు ఎందుకు వేగాన్నిస్తుందంటే, పడవ కదిలేటప్పుడు తన ముందు ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు కూడా పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవుతో సమానమయ్యేసరికి పడవ తాను లేపిన గుంటలో తానే చిక్కుకుంటుంది. ఆపైన ఎంత తెడ్డు వేసినా ఫలితం స్వల్పం. పడవలు కట్టేవారి పాత సూత్రం ప్రకారం పదిన్నర అడుగుల బల్లకు ఆ హద్దు గంటకు 8 కిలోమీటర్ల దగ్గర, 14 అడుగుల బల్లకు 9 కిలోమీటర్లు దాటాక వస్తుంది. మామూలు మనుషులు ఈ హద్దుకు చాలా దిగువనే తెడ్డు వేస్తారనుకోండి. అయినా పొడవాటి బల్ల ఒక్క తోపుకు ఎక్కువ దూరం జారుతుంది, దారి తప్పకుండా నిటారుగా పోతుంది. బదులుగా అది తొందరగా మలుపు తిరగదు. ఇక 26 అంగుళాల వెడల్పుకు మా అల్లుడుగారి 92 కిలోలు ఏ మాత్రం నచ్చలేదు. నాలుగుసార్లు నీళ్ళలో పడి, నవ్వుతూ తిరిగి వచ్చారు. "కందం రాసినవాడే కవి" అన్న నానుడి ఆయనకు వివరించి చెప్పాను. కందపద్యం చూడడానికి సన్నగా ఉంటుంది, లోపల నియమాలు గట్టివి, అలవాటు లేనివాణ్ణి నిలబడనివ్వదు. "అయితే మావయ్యగారూ, నేను ముందు సీసాలే రాసుకుంటాను" అన్నారు.

ఇంతవరకు అంతా వినోదమే. అసలు సంగతి మనవరాలిది.

నాకు వరమైన ఆ 34 అంగుళాల బల్లే ఆ పిల్లకు శిక్ష అయింది. ఆమె బరువు 36 కిలోలు, ఎత్తు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. బల్ల నడుమ నిలబడితే అంచు చాలా దూరం. తెడ్డు నీటికి అందాలంటే నడుము పక్కకు వంచాలి. వంచితే అటువైపు అంచు దిగుతుంది. తెడ్డు నిలువుగా దిగక ఏటవాలుగా, నడిమి గీతకు దూరంగా పడుతుంది. దూరంగా పడిన ప్రతి తోపూ బల్లను ముందుకు నడపడానికి బదులు ముక్కు తిప్పుతుంది. కుడివైపు రెండు వేస్తే ఎడమకు తిరిగింది, ఎడమవైపు రెండు వేస్తే కుడికి తిరిగింది. పైగా ఆ బల్ల ఘనపరిమాణం సుమారు 350 లీటర్లు. మంచినీటిలో ఒక లీటరు మునిగితే ఒక కిలో బరువు తేలుతుంది. బల్ల బరువు 11 కిలోలు కలుపుకుంటే, నేనెక్కినప్పుడు దానిలో నాలుగో వంతు మునిగింది, అల్లుడుగారు ఎక్కినప్పుడు మూడో వంతుకు కాస్త తక్కువ. పిల్ల ఎక్కినప్పుడు ఏడో వంతు మాత్రమే. మిగిలినదంతా నీటిపైన గాలికి తెరచాపలా నిలిచింది. కొంచెం గాలి వీస్తే చాలు, ఆమె వెళ్ళాలనుకున్న వైపు కాక గాలి తోసిన వైపు పోయింది.

మూడు ఆదివారాలు ఇలాగే గడిచాయి. తోటి పిల్లలు ముందుకు సాగిపోతుంటే ఈమె ఒకచోటే గుండ్రంగా తిరిగింది. మూడో ఆదివారం గట్టుకు వచ్చి తెడ్డు కింద పెట్టి, "నేను దీనికి పనికిరాను తాతయ్యా. నా చేతుల్లో బలం లేదు" అంది. ఇంటికి వచ్చే దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వచ్చే ఆదివారం నుంచి రానని రాత్రి తల్లితో చెప్పింది.

పనికిరాను అన్న మాట నాకు కొత్త కాదు. బడిలో వేలసార్లు విన్నాను. పిల్ల ఆ మాట అన్నప్పుడు ముందు పిల్లను కాక ఆమె కాళ్ళ కింద ఉన్నదాన్ని చూడాలని నాకు బడే నేర్పింది. విశాఖపట్నం దగ్గర సముద్రపుటొడ్డున ఒక ఉన్నత పాఠశాలలో నేను చాలాకాలం పనిచేశాను. అక్కడి బెంచీలన్నీ ఒకే ఎత్తు. పదో తరగతివారికోసం చేయించినవి. పెద్దవారికి సరిపోతే చిన్నవారికీ సరిపోతుందని చేయించినవారి లెక్క. ఆరో తరగతి పిల్లలకు కాళ్ళు నేలకు ఆనేవి కావు, రాతబల్ల గడ్డందాకా వచ్చేది. మోచేయి పైకెత్తి రాయవలసివచ్చి అక్షరాలు కొండలెక్కేవి. దస్తూరీ బాగులేదని వారిని తిట్టేవారు తిట్టేవారు. నేను నా తరగతిలో కొందరిని నేలమీద కూర్చోబెట్టి, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాయమనేవాణ్ణి. నెల తిరగకుండా అక్షరాలు గుండ్రంగా దిగేవి. చేయి అదే, పిల్లవాడూ అతడే. మారినది ఎత్తు మాత్రమే.

ఆ బడిలో జాలరి పేటల పిల్లలే ఎక్కువ. వారి తండ్రులు తెప్పలమీద వేటకు వెళ్ళేవారు. తేలికపాటి కర్ర దుంగలను తాళ్ళతో బిగించి కట్టినది తెప్ప. దుంగల సందుల్లోంచి నీరు పైకి వచ్చి మళ్ళీ కిందికే పోతుంది కనుక అల మీదపడినా అది నిండి మునగదు. ఒడ్డుకు చేరాక విప్పి దుంగలను ఎండబెడతారు. ఒకరిద్దరు వెళ్ళేదానికి చిన్న తెప్ప, నలుగురైదుగురికి పెద్ద తెప్ప. అరవంలో దీన్నే కట్టుమరం అంటారు, ఇంగ్లీషువారి కాటమరాన్ అన్న మాట అక్కడినుంచి వెళ్ళినదే. ఇప్పుడు మన తీరంలో ఫైబర్ తెప్పలకు మోటార్లు వచ్చాయి. ఆ రోజుల్లో పేట పిల్లలు తండ్రి తెప్పమీద నేర్చుకోవడం నేను చూడలేదు. ముందు ఒక్క చిన్న దుంగమీద అలల్లో ఆడేవారు, తరువాత రెండు దుంగలు కలిపి. ఎవరి దుంగ వారి ఒంటికి సరిపడేదే. ఎవరూ వారికి పాఠం చెప్పలేదు, అయినా పదేళ్ళకే తెడ్డు వారి మాట వినేది.

ఈ రెండు సంగతులూ ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పి, పిల్లకోసం సన్నని బల్ల ఒకటి అద్దెకు తెద్దామన్నాను. అల్లుడుగారికి సందేహం కలిగింది. "వెడల్పు బల్లమీదే నిలవలేకపోతున్న పిల్ల సన్నదానిమీద నిలుస్తుందా మావయ్యగారూ?" అన్నారు. మంచి ప్రశ్న. ఆయన ఇంజనీరు గనుక కాగితంమీద ఆయనచేతనే లెక్క వేయించాను. 10 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పు ఉన్న బల్లకు నిలబెట్టే బలం పెద్ద బల్ల బలంలో సుమారు 60 శాతం ఉంటుంది. పిల్ల బరువు నా బరువులో సగం, ఎత్తు కూడా నాకన్నా తక్కువ. అంటే ఆమెను పడకుండా ఆపడానికి కావలసిన బలం నాకు కావలసినదానిలో సగానికి లోపే. కనుక ముసలివాణ్ణి నేను 34 అంగుళాల మీద నిలిచినదానికన్నా ఆమె 30 అంగుళాల మీద ఎక్కువ నిలకడగా ఉండాలి. ఆయన కాగితాన్ని రెండుసార్లు చూసుకుని కలం మూత పెట్టారు.

నాలుగో ఆదివారం ఆమెను బతిమాలి తీసుకువెళ్ళాం. "ఒక్కసారి ఎక్కు తల్లీ, నచ్చకపోతే వెంటనే వచ్చేద్దాం" అన్నాను. ఆ చిన్న బల్ల మందం 5 అంగుళాలు, ఘనపరిమాణం సుమారు 230 లీటర్లు, బరువు 8 కిలోలు. బల్లను ఆమె తానే ఎత్తి నీళ్ళదాకా తెచ్చుకుంది. అదే మొదటి తేడా. తెడ్డును ఆమె ఎత్తుకు ఎనిమిది అంగుళాలు కలిపి బిగించాం. నిలబడింది. తెడ్డు అంచు పక్కనే నిలువుగా దిగింది. నాలుగు తోపులు ఒకవైపే వేసింది, బల్ల నిటారుగా సాగింది. వెనక్కి తిరిగి మావైపు చూడలేదు, వంతెనవైపే చూస్తూ పోయింది. మా అమ్మాయి నా పక్కన నిలబడి చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ మీకొక చరిత్ర చెప్పాలనిపిస్తోంది. ఈ ఆటకు పుట్టినిల్లు హవాయి దీవులు. అక్కడ పూర్వం అలలమీద జారే బల్లలకు కూడా మనిషినిబట్టి కొలతలుండేవి. ఓలో అనే పొడవాటి మందపు బల్ల ప్రభువర్గానిది. అలాయా అనే పలుచని పొట్టి బల్ల జనసామాన్యానిది. హోనోలులూలోని బిషప్ మ్యూజియంలో ఇప్పటికీ పాతకాలపు బల్లలున్నాయి. ఇరవయ్యవ శతాబ్దం నడుమ వైకీకీ తీరంలో యాత్రికులకు అలలపై జారడం నేర్పే శిక్షకులు కొందరు పెద్ద బల్లలపై నిలబడి తెడ్డు పట్టారు. ఎందుకో తెలుసా? ఎత్తునుంచి చూస్తే దూరాన వచ్చే అలా కనబడుతుంది, నేర్చుకుంటున్నవారూ కనబడతారు. తొంభైల దశకం నడుమ మావీ దీవిలో లెయిర్డ్ హామిల్టన్, డేవ్ కలామా వంటివారు దీన్ని మళ్ళీ చేపట్టాక లోకమంతా పాకింది. శిష్యులు కనబడాలని గురువులు నిలబడడం వల్ల వ్యాపించిన ఆట ఇది. ఈ మాట తెలిశాక దానిమీద నా గౌరవం రెట్టింపయింది.

చివరికి ఏ బల్ల కొన్నారు? అందరికీ సరిపోయేది కొనలేదు, చిన్నదే కొన్నారు. "పిల్ల ఎదుగుతుంది కదా, రెండేళ్ళలో పనికిరాకుండా పోదా?" అని మా అమ్మాయి అడిగింది. ఆ బల్ల 60 కిలోల మనిషిని కూడా హాయిగా మోస్తుంది, ఏడెనిమిదేళ్ళు దిగులు లేదు. పెద్దవారికి కావలసినప్పుడు పెద్ద బల్ల అద్దెకు దొరుకుతుంది. పడినా పెద్దవారు నవ్వుకుంటారు, తప్పు బల్లదని వారికి తెలుసు. పిల్లకు తెలియదు. బల్ల సరిపోకపోతే తానే సరిపోలేదనుకుంటుంది. అందరికీ సరిపోయే కొలత అని మనం అంటున్నప్పుడు, అది సరిపోనివారు సాధారణంగా ఆ గదిలో మాట్లాడే వయసు లేనివారే.

మీలో ఎవరైనా తెడ్డుబల్ల కొనాలనుకుంటే ఈ పండితుడి సలహా ఇది. ముందు ఎక్కేవారి బరువు చూడండి, తరువాత భుజాల వెడల్పు, ఆ తరువాత నీటి తీరు. నాబోటివారు 34 అంగుళాలు తీసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. పిల్లలకు మాత్రం అమ్మేవారి మాట కాక తెడ్డు నీటికి ఎలా అందుతోందో చూసి నిర్ణయించండి. తెడ్డు నిలువుగా దిగితే అది వారి బల్ల.

మొన్న మనవరాలు ఫోను చేసింది. లేడీ బర్డ్ సరస్సులో రెండు వంతెనలు దాటి వెళ్ళిందట. "ఈసారి మీరు వచ్చినప్పుడు మీకు ఆ పెద్ద సీసం అద్దెకు తీసుకుందాం తాతయ్యా, నేను పక్కనే వస్తాను, చెయ్యి పట్టుకోనులెండి" అంది.